ఇంజను ముక్కు మీది బొట్టు

నిక్కరు గుండీలు సరిగ్గా పెట్టుకోవడం కూడా రాని నా చిన్నప్పుడు, చొప్పదండి దగ్గర మా ఊళ్లో మా బావి మీదికి డీజిల్ ఇంజను వచ్చింది. దాని చప్పుడుకు బాసరలో సరస్వతమ్మ చెవులు మూసుకునేదని మా మనవరాలికి చెబుతుంటాను. నిజానికి అంత లేదు. గాలి అటు వీస్తే పక్క ఊరి చెలకల దాకా వినబడేది. మోట తోలే ఎడ్ల జతను అమ్మి మా బాపు దాన్ని తెచ్చాడు. అంటే ఇక వెనక్కి పోయే దారి లేదు. అది తోడితేనే మా వరికి నీళ్లు.

మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, దాన్ని కొత్త కోడలిని చూసుకున్నట్టే చూసుకుంది. దిష్టి తీసింది, నిమ్మకాయలు కట్టింది. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి బావి దగ్గరికి వచ్చి, ఇంజను పైన ఉండే డీజిల్ టాంకీ మూతకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టేది. ఆ మూతే ఇంజను నెత్తి అని ఆమె లెక్క.

చాలా రోజులు బాగానే నడిచింది. సరిగ్గా వరి పొట్ట మీద ఉన్నప్పుడు పేచీ మొదలుపెట్టింది. మంచిగా నడుస్తూ నడుస్తూ, ఎవరో గొంతు పట్టుకున్నట్టు దగ్గి ఆగిపోయేది. డీజిల్ అయిపోయిందేమో చూడమని బాపు నన్ను పురమాయించేవాడు. నేను రాయి ఎక్కి, మూత తీసి తొంగిచూసి, ఉందని అరిచి, మళ్లీ మూత పెట్టేవాణ్ణి. ఆ తర్వాత ఎవరి వైద్యం వాళ్లు చేసేవారు. బాపు పానా పట్టుకుని కనబడిన నట్టునల్లా బిగించేవాడు. బాపమ్మ కొబ్బరికాయ కొట్టి, మూత మీద మరో పూత పసుపు పూసేది. హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకునేది. నట్లు బిగించడం వల్లనే అని బాపు, కొబ్బరికాయ వల్లనే అని బాపమ్మ. కాసేపటికి మళ్లీ ఆగేది.

చివరి మడులకు నీళ్లందక నేల నెర్రెలు వారింది. ఆ అదనులో తడి లేకపోతే గింజ పట్టదు, కంకులన్నీ తాలే. బాపు అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద ఎత్తకుండా అలాగే ఉండిపోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

చివరికి బాపు చొప్పదండిలో పిండి గిర్ని నడిపే చాచాను పిలుచుకొచ్చాడు. ఆయన గిర్ని తిరిగేది కూడా ఇలాంటి ఇంజనుతోనే. సంచీ నిండా సామాన్లతో వస్తాడని నేను ఎదురుచూశాను. ఆయన ఖాళీ చేతులతో సైకిల్ దిగి, చాయ్ అడిగి, గట్టు మీద కూర్చున్నాడు. ఇంజను అప్పుడు నడుస్తోంది.

“ఏంది భాయ్, గట్లనే కూసున్నవ్? జర ఇప్పి చూడరాదు,” అన్నాడు బాపు.

“నడుస్తున్నదాన్ని ఇప్పి ఏం జూడాలె? ఆగి పడనియ్యి. ఎట్ల పడ్తదో చూస్త. ఫికర్ జెయ్యకు, ఇంతకంటె మొండిదాన్ని రోజు నేను గిర్నిల సాదుతున్న.”

ఆలోగా, ఇంజను ఆగినప్పుడు ఎవరెవరు ఏమేం చేస్తారని ఒక్కొక్కరినీ అడిగాడు. బాపు నట్ల గురించి చెప్పాడు, బాపమ్మ కొబ్బరికాయల గురించి. నా వంతు వచ్చినప్పుడు, నేనేమీ చేయనని, ఉట్టిగా మూత తీసి చూస్తానని చెప్పాను. చాచా చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

“ఇయ్యాల ఆగినంక నేను చెప్పేదాక ఎవ్వరు చెయ్యి పెట్టద్దు. అందరు ఒక్కపారే మీద పడితే ఎవరి మందు పనిజేసిందో ఎట్ల ఎరుకైతది?”

ఇంజను దగ్గి ఆగింది. నేను అలవాటుగా టాంకీ వైపు ఉరికాను. చాచా నా నిక్కరు పట్టుకుని ఆపాడు. గుండీల సంగతి ముందే చెప్పాను కదా, నిక్కరు జారకుండా కాపాడుకునే తొందరలో కాసేపు నాకు ఇంజను కనబడలేదు. ముందు బాపును నట్లు బిగించమన్నాడు. హ్యాండిల్ తిప్పితే అందుకోలేదు. తర్వాత బాపమ్మను కొబ్బరికాయ కొట్టమన్నాడు. అప్పుడూ అందుకోలేదు.

“ఇగ నువ్వు పో. రోజు చేసేదే చెయ్యి,” అని నన్ను వదిలాడు.

నేను మూత తీశాను. నాగుపాము బుస కొట్టినట్టు చప్పుడైందని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. పామంత కాదు, వేడి చాయ్ జుర్రుకున్నంత. బాపు హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది.

చాచా మూతను వెలుగుకు పట్టి చూశాడు. దానికి సూది దూరేంత బెజ్జం ఉంటుంది. డీజిల్ కిందికి దిగుతున్నకొద్దీ అందులోంచి లోపలికి గాలి పోవాలి. గాలి పోకపోతే డీజిల్ దిగదు. ఆ బెజ్జం నిండా పసుపూ కుంకుమా రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఇంజను ఆగినప్పుడల్లా బాపమ్మ దాని ముక్కు ఇంకాస్త మూసింది. మూత తీసినప్పుడల్లా నాకు తెలియకుండానే నేను దానికి ఊపిరి పోశాను. ఇంజను రోగాన్ని నేనే కనిపెట్టానని ఊళ్లో చాలా కాలం చెప్పుకున్నది ఈ కాస్త పుణ్యానికే.

బాపు ముఖం బాపమ్మ వైపు తిరిగింది. ఎండిన మడులన్నీ ఆ ముఖంలో ఉన్నాయి. ఆయన నోరు తెరిచేలోగా, చీపురు పుల్లతో బెజ్జాన్ని పొడుస్తూ చాచా అందుకున్నాడు.

“అవ్వా, కోడలికి బొట్టు నొసట పెడ్తవ్ గని ముక్కుల పెడ్తవా? గిది దీని ముక్కు. గా ముందటి రేకు మీద పెట్టు, ఎంత పెద్దదైనా కాదనది.”

బాపమ్మ మూతను చూసింది, కొడుకును చూసింది. “గీ ముచ్చట ముందుగాల్నే జెప్పద్దా బిడ్డా, గన్ని కొబ్బరికాయలు తొక్కు నూరుకుందుము,” అంది చాచాతో. బాపు నోటి దాకా వచ్చిన మాట నవ్వయిపోయింది. సాయంత్రానికి చివరి మడి తడిసింది. ఆ ఏడు ధాన్యం ఇల్లు పట్టలేదంటుంటాను. పట్టింది. కాకపోతే తాలు కాలేదు.

మొన్న కరీంనగర్‌లో, ఇంట్లో కూర్చునే కొలువు చేసే మా మనవరాలి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలుపెట్టింది. మా అబ్బాయి వైరస్ అన్నాడు. పక్కింటి పిల్లవాడు ఏదో తీసి ఇంకేదో ఎక్కించాడు. కాసేపాగి మళ్లీ వచ్చేది, ఎవరి వైద్యాన్ని వాళ్లు మెచ్చుకునేవారు. నేను కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నాను, పడనియ్యమన్నాను. ఆరిపోగానే పెట్టె మీద చెయ్యి పెడితే రొట్టె పెనంలా కాలింది. దుమ్ము పడకుండా మా ఇంటావిడ దానికి చిలకలు కుట్టిన గలేబు తొడిగింది, వెనక గాలి పోయే సందుతో సహా. మిగతావేవీ ముట్టకుండా ఆ గలేబు ఒక్కటే తీయించాను. ఇక ఆగలేదు. కంప్యూటర్ బాగు చేశానని వీధంతా చెప్పుకున్నాను గానీ, దాని మీట ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు.

గలేబు తీసిన ఆ రోజు మనవరాలు నానమ్మ వైపు తిరిగింది. అచ్చం బాపు ముఖమే. నేను ముందే అందుకున్నాను.

“చొక్కా మస్తు కుట్టినవ్ గని, ముక్కు మూసినవ్. ముక్కు కాడ జర కత్తిరించు.”

మా ఇంటావిడ నవ్వి కత్తెర కోసం లోపలికి వెళ్లింది. ఆ మాట నాదేనని ఆమె నమ్మకం, నేనూ కాదనలేదు. అది గిర్ని చాచాది. అప్పటి నుంచి జేబులో వేసుకుని తిరుగుతున్నాను. ఎవరి మీదికైనా కోపంగా మాట విసరబోయినప్పుడు, ముందుగా చేతికి తగిలేది చాచా పట్టుకున్న ఆ చీపురు పుల్లే.