బ్రోనియా అమ్మమ్మ దాచుకున్న రోజు

మా అమ్మమ్మ బ్రోనియా పొద్దున లేవగానే చేసే మొదటి పని కిటికీ తెరిచి ముక్కు బయటపెట్టడం. తల కాదు, ముక్కు ఒక్కటే. "ఆ ముక్కు ఏదో ఒక రోజు గడ్డకట్టి కిందపడుతుంది, ఏరుకురావడానికి నేను మెట్లు దిగను" అని తాతయ్య బతికున్నప్పుడు అనేవాడట. ముక్కు లోపలికి లాక్కున్నాక ఆమె ఏం చెబితే ఆకాశం అదే చేసేది. "పదకొండింటికి మబ్బు పుడుతుంది, నాలుగింటికి చస్తుంది" అనేది, పొయ్యి మీద పుల్లటి రై పిండి జావ కలుపుతూ. మబ్బులు ఆమె దగ్గర చదువుకున్న పిల్లల్లా చెప్పిన వేళకు పుట్టి చెప్పిన వేళకు చచ్చేవి.

నా చదువు సాంకేతిక పాఠశాల రెండో ఏడాదితో ఆగిపోయింది కాబట్టి గాలి లెక్కలు నాకు సరిగా తెలియవు. ఆమె ఏవేవి చూసేదో మాత్రం తెలుసు. ఆరేసిన దుప్పటి ఎంతసేపట్లో ఆరింది, చక్కెర మిల్లు పొగగొట్టం అంచు ఎంత పదునుగా కనిపిస్తోంది, కొంగలు గూడు వదిలి ఎప్పుడు లేచాయి, లేచి రెక్కలు కొట్టుకుంటున్నాయా చాపి ఊరుకున్నాయా, ఇవి చూసేది. కొంగ రెక్క కొట్టకుండా పైకి పోతోందంటే అక్కడ నేల వేడెక్కి గాలి ఎగుస్తోందన్నమాట. అమ్మమ్మ నడిపేది గ్లైడర్ విమానం, దానికి ఇంజను ఉండదు. ఆ ఎగసే గాలిని వెతుక్కుంటూ, దానిలో గిరగిరా తిరిగి పైకి పోయి, అక్కడినుంచి జారుతూ మరో గాలిని అందుకుంటూ దూరాలు పోవాలి.

అమ్మమ్మ పదిహేడేళ్ళకే ఎగరడం నేర్చుకుంది. ఉద్యోగం ఏరోక్లబ్బులో పారాచూట్లు మడిచే పని. మా ఊళ్ళో ఎగరగలిగినవాళ్ళలో సగం మంది ఆమె ముందు సీట్లో కూర్చుని తిట్లు తిన్నవాళ్ళే. "కాళ్ళు ఎక్కడ పెట్టావురా, ఇంట్లో మర్చిపోయావా" అని వెనకనుంచి అరిచేది.

ఆమెకొక బిళ్ళ ఉండేది, చొక్కా మీద పెట్టుకునేది. దాని మీద మూడు వజ్రాలుండాలి. ఒకటి ఎత్తుకు, ఒకటి చెప్పిన చోటికి పోయినందుకు, ఒకటి ఒకే రోజులో ఐదువందల కిలోమీటర్లు ఎగిరినందుకు. మొదటి రెండూ సంపాదించింది. మూడోది రాలేదు. "ఒకసారి ఉరుముల మబ్బు అడ్డొచ్చింది, ఇంకోసారి మీ అమ్మ పుట్టడం అడ్డొచ్చింది" అనేది. ఆ రెండో మాట సరిగ్గా మా అమ్మ వింటున్నప్పుడే అనేది.

ఆ వసంతంలో వ్రోత్స్లావ్ పట్నం డాక్టరు ఆమె గుండె విని, జూన్ దాటాక ఒంటరిగా ఎగరడానికి తాను సంతకం పెట్టనని చెప్పేశాడు. అమ్మమ్మ ఆయన్ని ముసలి గాడిద అంది. ఆయన వయసు నలభై.

అంత దూరం పోగల గ్లైడర్ మా క్లబ్బులో ఒక్కటే, జాంటార్. మంచి రోజొస్తే అది సెవెరిన్‌ది, ఎందుకంటే పోటీలకు వెళ్ళేది అతనే. రోజు బాగోకపోతే ఎవరైనా తీసుకోవచ్చు. సెవెరిన్ బస్సు డ్రైవరు. అమ్మమ్మ శిష్యుల్లో అందరికన్నా మంచివాడు, అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నవాడు. అతనికీ ఆ మూడో రాయి లేదు.

మే చివర్లో ఒక శుక్రవారం పగలంతా వాన పడి సాయంత్రానికి వెలిసింది. ఎప్పటిలాగే క్లబ్బు షెడ్డు ముందు నిప్పు వేసి, పుల్లలకు సాసేజ్‌లు గుచ్చి కాలుస్తున్నారు. ఎప్పటిలాగే సెవెరిన్ అడిగాడు.

"బ్రోనియమ్మా, రేపెలా ఉంటుంది?"

అమ్మమ్మ తన సాసేజ్ వైపు చూస్తూ చెప్పింది. "ఏమీ లేదురా. పైన వెచ్చగాలి మూతలా కూర్చుంది. కింద గాలి ఎంత లేచినా దానికి తల కొట్టుకుని ఆగిపోతుంది. పడుకోండి."

"వాన వెలిసింది కదా, చల్లగాలి వస్తుందేమో అనుకున్నా."

"అనుకో. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

అందరూ నవ్వారు. సెవెరిన్ కూడా నవ్వి, అయితే అత్తగారింటికి సున్నం వేయడానికి పోతానన్నాడు. ఆ రాత్రే పక్క ఊళ్ళ క్లబ్బులవాళ్ళు ఎప్పటిలా ఫోన్ చేశారు. వాతావరణ కార్యాలయం చెప్పేది వాళ్ళకూ అందేది గాని, అమ్మమ్మ ముక్కు మీద నమ్మకం ఎక్కువ. వాళ్ళందరికీ అదే మూత గురించి చెప్పింది.

తర్వాత గుడ్లు ఉడకబెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, రేపు ఏమీ లేదన్నావుగా."

"లేదు."

"మరి గుడ్లెందుకు?"

"తినడానికి."

"ఆరు గుడ్లా?"

"ఆకలేస్తుంది."

"ఏమీ లేని రోజు అంత ఆకలేస్తుందా?"

"ఏమే పోలా, నోరు మూసుకుని పొద్దున్నే గ్లైడర్ మోసే ట్రైలర్ టైర్లలో గాలి చూడు. మీ తాత కూడా ఇన్ని ప్రశ్నలు వేసేవాడు కాదు."

తెల్లారేసరికి చక్కెర మిల్లు పొగగొట్టం మీద ఇటుకలు లెక్కపెట్టొచ్చు, అంత శుభ్రంగా ఉంది గాలి. ఉత్తరం నుంచి చల్లగా వీస్తోంది. గ్లైడర్లను లాగే చిన్న విమానం నడిపే లూత్సియాన్ తాతను మాత్రం అమ్మమ్మ రమ్మంది, ఏదో చిన్న పని ఉందని. ఆయన సైకిల్ దిగి ఆకాశం కేసి చూసి టోపీ వెనక్కి నెట్టాడు.

"బ్రోనియా, ఇదేనా నువ్వు చెప్పిన మూత?"

"ఎత్తు గీసే పెట్టెకు సీలు వెయ్యి. కెమెరాకు కూడా."

"ఎటు పోతావు?"

"చెన్స్తొహోవా. అక్కణ్ణుంచి ప్వోత్స్క్. అక్కణ్ణుంచి ఇంటికి."

లూత్సియాన్ తాత వేళ్ళ మీద దూరం కూడుకున్నాడు, ఐదువందలు దాటింది. తర్వాత దూరానికి సాక్ష్యమయ్యే ఆ సీళ్ళకు లక్క కరిగిస్తూ, "పిల్లలు నిన్ను నమ్మి పడుకున్నారు" అన్నాడు.

"వాళ్ళకు ఇంకా వేసవులున్నాయి."

"నేను కాదనడం లేదు. చెబుతున్నానంతే."

అమ్మమ్మ తెల్ల గుడ్డటోపీ పెట్టుకుని జాంటార్‌లో దూరింది. ఆ టోపీలో ఆమె పుట్టగొడుగులా ఉంటుందని నేను ఎప్పుడూ అనేదాన్ని, ఆ రోజూ అన్నాను. "రెక్క పట్టుకో" అంది. తొలి దూది మబ్బులు అప్పుడే వరసలు కడుతున్నాయి. లూత్సియాన్ తాత విమానం లాగి వదిలాక ఆమె వాటి కిందికి పోయి, తిరిగి, తిరిగి, చుక్కయిపోయింది.

తర్వాత నేనూ లూత్సియాన్ తాతా క్లబ్బు గుడిసెలో రేడియో పక్కన కూర్చున్నాం. మధ్యాహ్నానికి ముందే ఆమె గొంతు వినిపించింది. "చెన్స్తొహోవా మఠం గోపురం ఫోటో తీశాను. యాత్రికులు చీమల్లా ఉన్నారు. ఎవరైనా నా తరఫున కూడా మోకరించండి, నాకు చోటు చాలడం లేదు." ఆమె పాడుతోంది కూడా. బటన్ నొక్కి పట్టుకుని పాడటం నిషేధం. శిష్యులకు దాని గురించి ఎన్ని తిట్లు పడ్డాయో.

కాసేపటికి సెవెరిన్ వచ్చాడు. ముఖం మీద, కనుబొమల మీద సున్నం చుక్కలు. నిచ్చెన మీదినుంచి మబ్బులు చూశాడట. చూసినవాడు బకెట్ అక్కడే వదిలేసి సైకిలెక్కాడు. ఖాళీగా ఉన్న జాంటార్ చోటు చూశాడు, లూత్సియాన్ తాతను చూశాడు.

"మూత అన్నారు కదా" అన్నాడు.

"తెరుచుకుంది" అన్నాడు లూత్సియాన్ తాత.

సెవెరిన్ బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు. కనుబొమల మీది సున్నం గీక్కుంటూ, "నాతో చెప్పుంటే నేనే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. నిజంగా ఇచ్చేవాడా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఒక్కోసారి ఇచ్చేవాడనిపిస్తుంది, ఒక్కోసారి అనిపించదు. అమ్మమ్మ అడిగి చూడలేదు కాబట్టి ఇక ఎవరికీ తెలియదు.

రెండో మలుపు కూడా తిరిగింది. ప్వోత్స్క్ దగ్గర నది ఫోటో తీశానని చెప్పింది. ఇక మిగిలింది ఇంటి దారి. ఆ తర్వాత వచ్చిన మాటలో పాట లేదు.

"మబ్బులు అయిపోయాయి. ముందంతా నీలం."

గాలి బాగా పొడిబారితే అలా అవుతుంది. ఎగసే గాలి ఉంటుంది గాని, దాని నెత్తిన మబ్బు కట్టదు. ఎక్కడుందో తెలియదు. చీకటి గదిలో పిల్లిని వెతికినట్టు వెతకాలి. అలాంటప్పుడు ఒక గ్లైడర్‌కు మరో గ్లైడరే మబ్బు. ఎవరో ఒకరు దూరంగా తిరుగుతూ పైకి పోతుంటే మిగతావాళ్ళు అక్కడికి పరిగెడతారు. ఇలాంటి రోజున మామూలుగా నాలుగు క్లబ్బుల గ్లైడర్లు ఆ దారి పొడవునా చల్లినట్టుండేవి. ఆ రోజు ఒక్కటీ లేదు. అందరూ సున్నాలు వేస్తున్నారు, చేపలు పడుతున్నారు, ఆమె మాట విని.

సెవెరిన్ లేచాడు. "లూత్సియాన్, పిరాట్‌ను లాగు."

పిరాట్ అంటే బడిపిల్లలు నేర్చుకునే ముసలి గ్లైడర్. లూత్సియాన్ తాత తన విమానం దగ్గరికి నడిచాడు. నేనూ సెవెరినూ పిరాట్ రెక్కలు పట్టి బయటికి తోశాం. సెవెరిన్ లేచిపోయి, ఆమె వచ్చే దిక్కుగా ఈశాన్యానికి సాగాడు. నేను మళ్ళీ రేడియో దగ్గర కూర్చున్నాను. గంట దాటాక అతని గొంతు వినిపించింది.

"బ్రోనియమ్మా, కోనిన్‌కు దక్షిణంగా ఇటుకబట్టీ మీద ఉన్నాను. ఇక్కడ గాలుంది. మీకు కనిపిస్తున్నానా?"

అతను మళ్ళీ పిలిచాడు.

"బ్రోనియమ్మా, ఇటుకబట్టీ మీద. తిరుగుతున్నాను, తెల్ల రెక్క చూడండి."

నేను బటన్ నొక్కాను. "అమ్మమ్మా, సెవెరిన్ పిలుస్తున్నాడు. వినపడుతోందా?"

రేడియో బాగానే ఉంది. పెట్టెలోంచి సన్నటి గాలి చప్పుడు వస్తోంది. ఆమె బటన్ నొక్కి, ఏమీ అనకుండా వదిలేసినట్టు రెండుసార్లు టక్కుమంది. సెవెరిన్ అలాగే పిలుస్తూ పోయాడు, బస్సులో ఆగేచోట్లు చెప్పినట్టు ఓపిగ్గా. ఆఖరికి అమ్మమ్మ గొంతు వచ్చింది.

"దిగుతున్నాను. కోనిన్ దగ్గర పశువుల బీడు. పోలా, ట్రైలర్ తీసుకురా."

సెవెరిన్ తిరిగొచ్చి దిగాడు. రెక్కలు విప్పి ట్రైలర్‌లో ఎక్కించాలంటే బలమైన చేతులు కావాలి. పిలవకుండానే బండిలో నా పక్కన కూర్చున్నాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు, గేరు మార్చేటప్పుడు బండి ఏడిపిస్తున్నానని.

మేం వెళ్ళేసరికి అమ్మమ్మ జాంటార్ పక్కన గడ్డిలో కూర్చుని ఉంది. ఆ బీడు తాలూకు ఇంటావిడ పుల్లపాలూ ఉడికిన బంగాళాదుంపలూ తెచ్చిపెట్టింది. అమ్మమ్మ ముట్టలేదు. ఆరు గుడ్లూ కూడా అలాగే ఉన్నాయి.

"బాగా దిగారు" అన్నాడు సెవెరిన్. "గడ్డి కూడా నలగలేదు."

"తిట్టరా."

"తిట్టడానికేముంది. ఆ రెక్క చివర పట్టుకోండి."

"నేనైతే తిట్టేదాన్ని."

"మీరైతే తిట్టేవారు. తెలుసు."

ముగ్గురం గ్లైడర్ విప్పాం. ఆవులు చుట్టూ చేరి చూశాయి. ఒకటి అమ్మమ్మ టోపీ నమలబోతే నేను లాక్కున్నాను. నవ్వుతుందేమోనని ఆవుకే ఆ టోపీ బాగా నప్పిందన్నాను. నవ్వలేదు.

ఇంటికొచ్చే దారిలో ఆమె ముందు సీట్లో కూర్చుని, వెనకున్న సెవెరిన్ వైపు తిరక్కుండా మాట్లాడింది.

"నువ్వు పిలుస్తుంటే విన్నాను."

"తెలుసు."

"కనిపించావు కూడా. తిరుగుతున్నావు."

"ఊఁ."

"నీ కింద గాలి ఎంత ఉండింది?"

"సెకనుకు రెండు మీటర్లు లేపింది. ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే."

అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ లెక్క వేసుకుంది. ఆమె లెక్క వేసేటప్పుడు పెదాలు కదులుతాయి. "అది చాలేది నాకు" అంది.

"చాలేది" అన్నాడు సెవెరిన్.

ఆ తర్వాత రెండు వారాలూ వానలు, అడ్డగాలులు. జూన్ వచ్చేసింది. ఒక శుక్రవారం సాయంత్రం మళ్ళీ నిప్పు చుట్టూ అందరూ ఉన్నారు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. జరిగింది అందరికీ తెలుసు గాని, ముసలావిడ, ఆఖరి వేసవి, పోనీలే అనుకున్నారు. అంతకుముందు ఆటపట్టించినవాళ్ళు ఇప్పుడు ఆమెకు కుర్చీ తెచ్చి వేశారు.

"బ్రోనియమ్మా, రేపెలా ఉంటుంది?" అని సెవెరిన్ అడిగాడు. ఎప్పటి గొంతుతోనే.

"బాగుంటుంది" అంది అమ్మమ్మ. "తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. మబ్బులు సాయంత్రం దాకా ఉంటాయి. జాంటార్ తీసుకుని తూర్పుకు పో. ఇంత మంచి రోజు ఈ ఏడు మళ్ళీ రాకపోవచ్చు."

"అలాగే."

సెవెరిన్ సాసేజ్ తినడం పూర్తిచేసి, చేతులు తుడుచుకుని, గుడిసెలోకి వెళ్ళాడు. తలుపు సరిగా పడలేదు. ఫోన్‌లో వాతావరణ కార్యాలయంవాళ్ళతో మాట్లాడటం మాకు వినిపించింది. రేపు ఎన్నింటికి మొదలవుతుంది, మబ్బులు ఎప్పటిదాకా ఉంటాయి అని అడుగుతున్నాడు. నిప్పు చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా గట్టిగా ఫుట్‌బాల్ కబుర్లు మొదలుపెట్టారు, ఆమెకు వినపడకూడదని.

నేను లేవబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చోవే. కనుక్కోనీ."

మర్నాడు ఆమె చెప్పినట్టే అయింది. సెవెరిన్ ఐదువందలు పూర్తిచేశాడు. దిగగానే వచ్చి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టాడు. ఆమె అతని వీపు తట్టి, మలుపు దగ్గర ఎత్తు ఎందుకు పారేసుకున్నావని తిట్టింది. ఆ నెలాఖరుకి ఆమె ఎగిరే అనుమతి పత్రం గడువు తీరింది.

ఆ తర్వాత కూడా అమ్మమ్మ శుక్రవారాలు క్లబ్బుకు రావడం మానలేదు. వచ్చి, వేసిన కుర్చీలో కూర్చునేది. రేపటి సంగతి మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. సెవెరిన్ కూడా అడగడం మానేశాడు, అడిగి మళ్ళీ ఫోన్ దగ్గరికి పోవడం ఆమెకు బాధని. అందరూ మర్యాదగా చేపల గురించి మాట్లాడేవారు. ఆమె అలవాటు కొద్దీ ఒకసారి పడమటి వైపు తలెత్తి చూసి, ఏదో చెప్పడానికన్నట్టు నోరు తెరిచి, సాసేజ్‌ను నిప్పు మీద అటు తిప్పేది.