కళ్లకద్దుకున్న పుస్తకాలు

మా కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. బీరువాల్లోంచి వాటిని తీసిచ్చేది నెల్లిమర్ల నుంచి వచ్చే అటెండరు మావ. ఆయనకి చదవడం రాదు. అయినా ప్రతి పుస్తకాన్నీ కళ్లకద్దుకున్నాకే నా చేతికిచ్చేవాడు.

"ఇలాగైతే పని ఎప్పటికి తెములుతాది మావా!" అని రోజూ కసురుకునేదాన్ని.

పనంతా అయిపోయిన రోజు, ఆ పుస్తకాలు ఇప్పుడు ఎలా కనిపిస్తాయో నా ఫోన్‌లో చూపించాను. మొదట వచ్చింది బొబ్బిలి వీణల తయారీ మీద పరిశోధన. మావ ఫోన్ అందుకుని కళ్లకద్దుకున్నాడు. నుదురు తగిలి తెర జరిగింది, వరి తెగుళ్ల మీద రాసిన థీసిస్ వచ్చింది. దాన్నీ అద్దుకున్నాడు. ఈసారి హాస్టల్లో ఆడపిల్లలు చేత్తో రాసుకున్న నాటకం. మళ్లీ అద్దుకున్నాడు. ఎవరో లెక్చరర్ గీసిన సముద్రపు గవ్వల బొమ్మలు.

"ఏటమ్మా ఇది! ఎన్నిసార్లు మొక్కినా కొత్తది వస్తాది!" అన్నాడు, గుడిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించి.

వాటిలో ప్రతి పేజీ నా చేతుల మీదుగా వెళ్లిందే. మరకలూ చిరుగులూ తప్ప నేనేం చూశాను?

నా ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, పక్కకొచ్చి నేనూ చూడసాగాను.