కాలవకు ఈ పక్కన కెమెరా

మా చిన్నప్పుడు సినిమాలు మనుషులు తీస్తారంటే నమ్మకం కుదిరేది కాదు. అందుకే మదనపల్లెలో ఉండే మా డైరెక్టరన్న, పుంగనూరులో ఖాళీగా తిరుగుతున్న నన్ను "లొకేషన్లు సూపించేదానికి రారా" అని పిలిచినప్పుడు భూమికి జానెడు ఎత్తున నడిచాను. అది వేరుశనగ రైతు కథ. మొత్తం మన రాష్ట్రంలోనే తీస్తే ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. అది రాకపోతే సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. మా ఎండిన చేలను తెరమీద చూపించడానికి ప్రభుత్వం చెయ్యి అందించడమేమిటని నాకు ఇప్పటికీ అబ్బురమే.

కుప్పం దాటాక ఒక టీ అంగడి చూపించాను. షూటింగ్ అయిపోయింది. హైదరాబాదులో సబ్సిడీ కమిటీ వాళ్ళకు సినిమా వేశారు. చీకట్లో మా ఎర్రమట్టి గోడంత తెర నిండా పరుచుకునేసరికి తెలియకుండానే చేతులు జోడించాను. అంతలో హీరో టీ తాగే సీను వచ్చింది. అతని తల వెనక గుమ్మడికాయంత కన్నడ అక్షరాలు! (మా పక్క తెలుగు, కన్నడ, తమిళ బోర్డులు ఏవైనా చదివేస్తాం. ఏది ఏ భాషో ఎవరికి పట్టింది?)

"ఇది కర్ణాటక కదా?" అన్నారు కమిటీ మేడం. డైరెక్టరన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కాదు మేడం, మాదే. వచ్చి సూడండి" అనేశాను. (నాకూ తెలియదు.)

నిజంగానే ఒక అధికారి మ్యాపు పట్టుకుని వచ్చారు. "ఈ అంగడి ఏ రాష్ట్రంలో ఉంది?" అని అడిగారు.

"దేనికి సార్? ఓటు ఆ పక్క, పాలు ఈ పక్క" అన్నాడు అంగడాయన.

తీరా చూస్తే అంగడి ముందున్న వాన కాలవే సరిహద్దు. హీరో కూర్చున్న బెంచీ, కెమెరా పెట్టిన చోటు ఈ పక్కన, అంగడి, దాని బోర్డు ఆ పక్కన. అధికారి కెమెరా పెట్టిన చోట నిలబడి చాలాసేపు చూశారు. "మీరు తీసింది మన నేలమీదే. చూపు ఎంతదూరం పోతే మనకెందుకు?" అన్నారు. డైరెక్టరన్న బెంచీ మీద కూలబడి ఏడ్చేశాడు. సబ్సిడీ వచ్చింది, సినిమా ఆడింది.

సరిహద్దు తెలిసి కెమెరా ఈ పక్క పెట్టించింది నేనేనని మదనపల్లెలో ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నారు. నిజానికి బెంచీ, కెమెరా అన్నీ ఆ పక్కకు మార్చమని బతిమాలింది నేను. "ఆడ ఎండ కంట్లో కొడతాండాది, యాల సంపుతావప్పా!" అని కసిరింది డైరెక్టరన్న.

మొన్న సన్మానంలో నాకు శాలువా కప్పి మళ్ళీ అదే చెప్పి పొగిడారు. ముందు వరుసలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది డైరెక్టరన్నే. నేను తల దించుకున్నాను. చూసినవాళ్ళు వినయమనుకున్నారు.