ఏసుమణి గారి మూడు ప్రశ్నలు

ఎక్కడ ఏ తప్పు జరిగినా, మూడు ప్రశ్నలకు సమాధానం రానిదే ఏసుమణి గారు కుర్చీలోంచి కదలరు. ఏ చోట? చూడటానికా, మార్చటానికా? లోపలివారా, బయటివారా?

వృత్తిరీత్యా అది ఆయన ధర్మమే. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే చక్రాలను నడిపే ఒక కంప్యూటరు పెట్టెకు, వెంకటాచలంలోని చిన్న సంస్థలో కూర్చొని ఆయన కెర్నెల్ రాస్తారు. కెర్నెల్ అంటే ఆ పెట్టెలోని ప్రోగ్రాములన్నిటికీ పైఅధికారి. మెమరీలో ఎవరు ఏ గదిని చదవవచ్చునో, ఏ గదిలో రాయవచ్చునో ముందే నిర్ణయమై ఉంటుంది. హద్దు దాటిన ప్రోగ్రామును ప్రాసెసర్ నిలిపి కెర్నెల్‌కు అప్పగిస్తుంది. కెర్నెల్ విచారించవలసినవి సరిగ్గా ఆ మూడే: ఏ అడ్రసు, అంటే ఏ గది, చదవబోయిందా రాయబోయిందా, మామూలు ప్రోగ్రామా కెర్నెల్ భాగమా. పురాణాల్లో ద్వారపాలకులు అడ్డగించి శాపాలు తెచ్చుకొన్నారు. ఏసుమణి గారు విచారించి ఆలస్యాలు తెచ్చుకొన్నారు.

ఒకనాడు పిల్లి చేపల పులుసు మీద పడిందని భార్య ప్రేమలీల కేకవేసింది. ఏ గిన్నె, వాసన చూసిందా మూతి పెట్టిందా, మన పిల్లా వీధి పిల్లా అని ఆయన వరుసగా అడిగినారు. మూడింటికీ తాను జవాబు చెప్పేలోపల నాలుగు ముక్కలు పోయినాయని ఆమె ఇప్పటికీ చెప్పుకొంటుంది.

కావలి రైల్లో తన సీట్లో కూర్చొన్న పెద్దమనిషినీ అలాగే అడిగినారు: ఇది ఏ నంబరనుకొన్నారు, కూర్చోవటానికా పడుకోవటానికా, టికెట్టు ఉందా లేదా? పాపం, ఆయన వీరిని టికెట్ కలెక్టరనుకొని పక్క పెట్టెలోకి పరుగెత్తినాడు.

ఈ ప్రశ్నలంటే ముంతాజ్‌కు మొదట నవ్వు వచ్చేది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చి ఆయన కింద ఉద్యోగంలో చేరి రెండు నెలలు. ఆ నవ్వు ఒక మబ్బు పట్టిన ఉదయాన ఆగిపోయింది. వీళ్ల పెట్టె పెట్టుకొన్న రైతు మస్తానయ్య చెరువులో చక్రాలు నిలిచినాయి. రొయ్యలు ఊపిరాడక నీటిమీదికి తేలుతుంటే ఆయన చేత్తో స్విచ్చి వేసి కాపాడుకొన్నాడు.

కారణం ముంతాజ్‌కు క్షణంలో తెలిసింది. బయటి ప్రోగ్రాము ఇచ్చిన అడ్రసును కెర్నెల్ నేరుగా నమ్మరాదు. తనిఖీ చేసే దారిలోనే చదవాలి. తాను తొందరలో నేరుగా చదివించింది. ఆ అడ్రసులో ఏమీ లేదు. తప్పు చేసింది కెర్నెలే కనుక, దాన్ని విచారించేవారు లేక పెట్టె మొత్తం ఆగిపోయింది. కొత్తవారి కోడు వల్ల చెరువు ఆగితే ఆనాడే ఇంటికి పంపటం యజమాని నరేంద్రబాబు పెట్టిన నియమం.

ఆయన రానే వచ్చినాడు.

"ఎవరు రాసినారన్నా ఇది?"

"చెప్తా, కూర్చోండి. ముందు ఏ అడ్రసో చూద్దాం," అని ఏసుమణి గారు బోర్డు మీద మెమరీ గదులన్నీ గీయటం మొదలుపెట్టినారు. రెండో ప్రశ్నకు బోర్డు నిండింది. తుడిచి మళ్లీ గీసినారు. నరేంద్రబాబు రెండుసార్లు గడియారం చూసి, ఒకసారి ఆవులించి, మీరే చూసుకోండన్నా అని లేచిపోయినాడు.

ముంతాజ్ తల వంచుకొని దగ్గరికి వచ్చింది. "సార్, ఆ వరుస రాసింది నేనే."

"నేను అడగలేదు గదమ్మా." ఆయన కుర్చీ ఆమె వైపు జరిపినారు. "కూర్చో. తనిఖీ దారిలో చదివించు. అక్కడ తప్పు జరిగితే యంత్రాన్ని ఆపకుండా, అడిగిన ప్రోగ్రాముకు కుదరదని చెప్పి పంపేటట్టు ఆ వరుసను మన మినహాయింపుల జాబితాలో చేర్చు."

ఆమె దిద్దింది. ఇద్దరూ పరీక్షించినారు, తప్పుడు అడ్రసు ఇచ్చినా చక్రం ఆగలేదు. అప్పుడు గాని ఆమెకు అడిగే ధైర్యం రాలేదు.

"ఎవరు రాసినారని మీరు ఎప్పుడూ అడగరా సార్?"

"అడుగుతానమ్మా, అది నాలుగో ప్రశ్న," అన్నారాయన బోర్డు తుడుస్తూ. "పన్నెండేళ్లుగా చూస్తున్నా, నరేంద్రబాబు మూడోదాని దాకా ఎప్పుడూ కూర్చోలేదు."