గిల్టు గాజులు, గుడివాడ తమ్ముడు

"నువ్వు ఎవరి మీదా ఎప్పుడూ అరవలేదా అమ్మమ్మా?" అని మొన్న ఫోన్లో చిన్నది అడిగింది. అరవలేదు గానీ ఒకసారి అరవబోయాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే బందరులో గంటల లెక్కన అద్దెకి దొరికే కుర్చీ. అందులో కూర్చుని, సొంత సైటు పెట్టి, చిలకలపూడి గిల్టు గాజులు అమ్మేదాన్ని (నవ్వకండి, అప్పటికి నాకు నలభై కూడా లేవు). గాజులు చేసేది మా వీధి పెద్దాయన, అందరికీ బాబాయ్. ఆయన షరతు ఒక్కటే. "గిల్టని చెప్పే అమ్మాలమ్మాయ్. అబద్ధమాడిన రోజున నీకూ నాకూ చెల్లు." అందుకని ప్రతి ఫొటో కింద 'గిల్టు' అని పెద్దక్షరాలతో రాసేదాన్ని.

సైటుకి ఎవరూ రాలేదు. అఫిలియేట్ నెట్‌వర్క్‌లో చేరమన్నాడు ఇంటర్నెట్ సెంటర్ ఓనరు. వాళ్ళ చేతిలో వందల సైట్లుంటాయట, అవన్నీ మన గాజులు చూపిస్తాయి, అమ్ముడైతే కమీషన్. రెండు నెట్‌వర్కులు దొరికాయి. బెంగళూరు వాళ్ళు ఏ సైటు ఏం రాయొచ్చో, ఎవరు సరిచూస్తారో పన్నెండు పేజీలు పంపారు. మూడో పేజీలో నిద్రొచ్చింది. రెండోవాడు ఫోనెత్తుతూనే "నమస్కారమండీ అక్కయ్యగారూ, మాది గుడివాడేనండీ" అన్నాడు. ఇంకేం, సంబంధం కుదిరిపోయింది. ఇంటిపేరడిగాను, వీధి అడిగాను. మొవ్వలో వాళ్ళ మేనత్తది మా పిన్ని పక్కిల్లే అని తేలేదాకా వదల్లేదు. సైట్లలో ఏం రాస్తారన్నది మాత్రం అడగలేదు.

రెండు నెలలకి నాగాయలంక నుంచి ఒక టీచరమ్మ బస్సెక్కి మా గుమ్మంలోకొచ్చింది. చేతిలో మా గాజులు, ఏదో సైటు నుంచి తీసిన కాగితం. 'మందంగా బంగారు తాపడం, అవసరానికి తాకట్టుకీ పనికొస్తాయి' అని ఉంది అందులో. "నిజమనుకుని తాకట్టు కొట్టుకి తీసుకెళ్ళానండీ. నలుగురిలో నన్ను దొంగని చేశారు. పిల్లలకి చదువు చెప్పుకునేదాన్నండీ నేను" అంది. ఆ వేళ బాబాయ్ మా అరుగు మీదే ఉన్నాడు. గాజు తిప్పి చూశాడు. "పని నాదే. ఆ మాట నాది కాదు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆవిడ డబ్బు ఆవిడకిచ్చి, వెంటనే గుడివాడ తమ్ముడికి ఫోన్ చేశాను. నాకు కోపమొస్తే గొంతు ఇంకా తగ్గిపోతుంది. "వినపడట్లేదండీ అక్కయ్యగారూ, సిగ్నల్ లేనట్టుందండీ" అని వాడు పెట్టేశాడు. బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. టిఫిన్ హోటలు మేడ మీద ఒక్క గదే వాడి ఆఫీసు.

"ఆ మాట రాసిందెవరు తమ్ముడూ?"

"వందల సైట్లండీ, ఎవడు రాశాడో ఏం తెలుస్తుందండీ. తీయించేస్తాను. ముందు కాఫీ తాగండి."

"రాసిందెవరని అడుగుతున్నాను."

"చల్లారిపోతుందండీ."

తాగాను. దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ కాఫీతో పాటే లోపలికి పోయాయి. పంచదార ఎక్కువైందని మాత్రం చెప్పి మరీ వచ్చాను.

బాబాయ్ మళ్ళీ నాకు గాజులివ్వలేదు. వీధిలో ఎదురైతే "బాగున్నావా అమ్మాయ్" అనేవాడు, అంతే. సైటు మూతపడింది. ఇప్పుడు కూరగాయలబ్బాయి ఇంటిపేరు అడగబోయినప్పుడల్లా ఆ కాఫీ గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని, ముందు తక్కెడ చూస్తున్నాను. మీరంతా కంప్యూటర్లతోనే బతుకుతున్నారు కదా, ఎవరైనా కనుక్కుని చెప్పండర్రా. ఆ మాట రాసిందెవరు?