అద్దం పక్క ఫోటో

రోజూ కళ్లెదుట ఉండే ముఖం తీరా మనిషై వచ్చి కుర్చీలో కూర్చుంటే కళ్లు ఎందుకు పోల్చుకోవు? ఎంత ఆలోచించినా ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకదు.

ఒక వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కెమెరా అనేవారు. ఒకసారి జుట్టు కత్తిరించాడంటే, ఆ మనిషి ఏళ్ల తర్వాత గడ్డం పెంచుకుని వచ్చినా పోల్చేసేవాడు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం. పక్క ఊరి దర్జీ కూతురు బడి నుంచి తిరిగి రానప్పుడు, ఆ తండ్రి ఆయన పేరు విని వచ్చి, ఫోటో కాగితం అద్దం పక్కన తానే అంటించాడు. రెండు జడలు, పళ్లన్నీ కనబడే నవ్వు.

"అన్నా, నీ కళ్లనుంచి ఎవరూ తప్పించుకోలేరట కదా. నా బిడ్డని కాస్త చూస్తుండు."

"నా కంట పడితే చాలు తమ్ముడూ, ఇల్లు చేరినట్టే."

అప్పట్నుంచీ వీధిలో జడలు కనబడితే కత్తెర ఆపి తొంగి చూసేవాడు. "ముందు నా చెవి సంగతి చూడు బాబాయ్" అనేవారు కుర్చీలోని వాళ్లు.

ఒక మధ్యాహ్నం ఎవరో ఒకతను నిక్కరు, చొక్కా వేసిన బిడ్డను తెచ్చి కూర్చోబెట్టాడు.

"మావాడికి తలంతా పేలు. మొత్తం తీసెయ్."

మెడదాకా అడ్డదిడ్డంగా ఉన్న జుట్టు, నవ్వు లేని ముఖం. బిడ్డ మాటిమాటికీ తల పక్కకు తిప్పుతుంటే ఆయన రెండు చేతులతో పట్టి నిటారుగా పెట్టాడు.

"కదలకురా నాన్నా, తెగుతుంది."

మళ్లీ తిప్పింది. మళ్లీ సరిచేశాడు. పనయ్యాక బుగ్గ గిల్లి, "మంచి పిల్లాడివి" అన్నాడు కూడా.

తర్వాత దర్జీ కూతురు దొరికింది. ఎక్కడో రైలుస్టేషన్లో టీ అమ్మే ఆవిడ అనుమానపడి, వెంట ఉన్నవాణ్ణి పోలీసులకు పట్టించింది. కబురు విని కెమెరా తన సెలూన్లో ఉన్నవాళ్లందరికీ టీ ఇప్పించాడు. కొద్దిరోజులకు దర్జీ ఆ కాగితం తీసేద్దామని పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. గుండు మీద జుట్టు ఇంకా సరిగా మొలవలేదు. పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా, నాకు గుండు గీసింది ఈ తాతే. నన్నెత్తుకెళ్లినవాడు పక్కనే ఉన్నాడని నోరు తెరవలేదు. తల తిప్పి తిప్పి నా ఫోటో చూపించాను. తాత చూడలేదు."

ముఖం నిండా నురగతో కూర్చున్న గుమాస్తా ఊరుకోలేక, "కెమెరాలో రీలు అయిపోయిందా బాబాయ్?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనే తల దించుకున్నాడు.

ఆ తండ్రి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"పోనీలే అన్నా. నువ్వు మాత్రం కావాలని చేస్తావా" అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనానికి ఆయనకు ఒళ్లంతా చర్మం ఒలిచినట్టయింది. ఆ చిన్న తల ఫోటో వైపు తిరిగిన ప్రతిసారీ తాము దాన్ని ఎలా వెనక్కి లాగాయో, ఆయన వేళ్లకు ఇప్పుడు గుర్తొచ్చింది. క్షమించమ్మా అందామని పిల్ల వైపు చూడబోయి చూడలేకపోయాడు. కత్తి బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, వెనక తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

నీళ్లు తేవడానికి వెళ్లాడేమోనని, నురగ ఆరిపోతున్నా గుమాస్తా చాలాసేపు అలాగే కూర్చున్నాడు.