హార్డ్ డిస్క్ చిన్నదే చాలన్నాను

ఈ రోజు అత్తమ్మతో కొంతం చౌక్‌లోని కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. ఇంట్లో సినిమాలు చూడటానికి, నేను ఆఫీసులో గీసే చద్దర్ల డిజైన్లు దాచుకోవడానికి ఒకే కంప్యూటర్ కావాలి. డబ్బు సరిపోవాలని చిన్న స్పీకర్లు, పెద్ద హార్డ్ డిస్క్ అని బిల్లులో రాయించాను.

అత్తమ్మ మురిసిపోయింది. "మస్తయింది బిడ్డా! ఇగ ఆఫీసుకు పోవుడు బంద్. అన్నీ ఇంట్లనే గీయొచ్చు."

నేను గడప దాటేది ఆ ఉద్యోగం కోసమే.

దుకాణదారుడితో, "భాయ్, హార్డ్ డిస్క్ చిన్నదే చాలు. స్పీకర్లు పెద్దవి పెట్టు" అన్నాను.

"మరి నీ డిజైన్లు?" అంది అత్తమ్మ.

"దీంట్ల పట్టవు అత్తమ్మా. ఆఫీసుకు పోవాల్సిందే."

ఇప్పుడు ఇంట్లో ఆ స్పీకర్ల మోతకు తల పగులుతోంది. అయినా రేపు పొద్దున్నే ఆఫీసుకు టిఫిన్ డబ్బా కట్టుకుంటాను. మీరైతే ఏం చేసేవారు?